ఆటకు ఎదుటి మనిషి కావాలి



పోయిన ఆదివారం సమావేశం చివర్లో వచ్చిన ఒక ప్రతిపాదన గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

పక్షవాతం వచ్చి ఇంటిపట్టున కూర్చున్న మన పెద్దల కోసం చందాలు వేసుకుని వీడియో గేమ్ లాంటి వ్యాయామ యంత్రం ఒకటి కొందామని ఒక తమ్ముడు చెప్పాడు. తెర ముందు నిలబడి చెయ్యి ఊపితే తెర మీద బంతి కదులుతుంది, పాయింట్లు వస్తాయి, ఆడుతూ ఆడుతూనే చెయ్యి స్వాధీనంలోకి వస్తుందని ఫోన్‌లో వీడియో కూడా చూపించాడు. చాలామంది బాగుందన్నారు. నేను ఆరోజు నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ తమ్ముడి ఉద్దేశం చాలా మంచిది. ఆటతో చెయ్యి బాగుపడుతుందన్నది కూడా నిజమే, నా కళ్ళతో చూశాను. కానీ యంత్రం వద్దు. ఆ డబ్బు, అంతకంటే ముఖ్యంగా మన సమయం, వేరే విధంగా పెడదాం. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకు పక్షవాతం వచ్చి ఐదేళ్ళయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణం దక్కింది. రెండు నెలలకు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. చెయ్యి మాత్రం కొద్దిగా కదిలి అక్కడే ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. ఎనిమిది రకాల కసరత్తులు, ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఆ కాగితాన్ని క్యాలెండరు మేకుకు తగిలించాం. అది అక్కడే ఉండిపోయింది.

తప్పు నాదే. అప్పుడు నాకు బెంగళూరులో పని. మన ఊళ్ళో సగం ఇళ్ళలో లాగే తెల్లవారకముందు మారికుప్పం బండి ఎక్కడం, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరడం. ఇంట్లో ఆడమనిషికి వంట, పిల్లలు, అమ్మ స్నానం, మందులు. ఇక కసరత్తు ఎవరు చేయించాలి? దానికి తోడు విశ్రాంతి ఇస్తేనే మంచిదని మేమే అనుకున్నాం. అన్నం మేమే తినిపించాం, నీళ్ళు మేమే తాగించాం, తల మేమే దువ్వాం. అమ్మకు ఎడమ చేత్తో తినడం సిగ్గు. చుట్టాలు వస్తే ఆకలి లేదని చెప్పి లోపలికి వెళ్ళిపోయేది. కుడి చేతికి ఆ నాలుగు నెలల్లో మేము ఒక్క పని కూడా మిగల్చలేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి తమిళ పెద్దమ్మ వామనగుంటల పీట చంకన పెట్టుకుని వచ్చింది. వాళ్ళు దాన్ని పల్లాంగుళి అంటారు, కన్నడం వాళ్ళు అళగుళి మనె అంటారు. గని లైన్లలో ఉన్నప్పుడు వీళ్ళిద్దరూ ఆ పీట మీద ఆడని రోజు లేదట. అమ్మ మొదట ఒప్పుకోలేదు.

“ఏందక్కా ఇది, ఈ వయసులో పిల్లకాయలాట. ఈ చేత్తో నేనేం ఆడేది?”

“నీ చెయ్యి సంగతి నాకెందుకే. ఓడిపోతావని భయమా?”

అంతే. ఆరోజు నుంచి మధ్యాహ్నం మూడు గంటలయితే వసారాలో చాప పడేది. పెద్దమ్మ పెట్టిన షరతు ఒక్కటే. గింజలు ఎడమ అరచేతిలో పోసుకో, వేసేది మాత్రం కుడి చేత్తోనే. మొదటి వారం గింజలు గుంటలో కన్నా చాప మీదే ఎక్కువ పడ్డాయి. పెద్దమ్మ ఏరి ఇచ్చేది కాదు. “నీ గింజ, నువ్వే తీసుకో” అని వక్కాకు నములుతూ కూర్చునేది. ఒకరోజు సెలవు పెట్టి నేను లోపల కూర్చుని లెక్కపెట్టాను. గంటసేపట్లో అమ్మ కుడి చేత్తో చింతగింజ పట్టుకుని వదిలింది 200 సార్లు దాటింది. గోడకు తగిలించిన కాగితంలో ఉన్నది పదిసార్లు. అది కూడా చేయించలేకపోయాం.

ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను, డాక్టర్లను అడిగాను. నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

మెదడులో ఒక భాగం దెబ్బతిన్నప్పుడు దాని పక్కనున్న భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలవు. కానీ ఊరికే నేర్చుకోవు. ఆ పనిని మళ్ళీ మళ్ళీ, వందలసార్లు చేయిస్తేనే నేర్చుకుంటాయి. అమెరికాలో రాండాల్ఫ్ నూడో అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 1996లో కోతుల మీద చేసిన ఒక ప్రయోగం సైన్స్ పత్రికలో వచ్చింది. మెదడులో చేతిని నడిపే చోట చిన్న దెబ్బ తగిలిన కోతులకు ఒక పని పెట్టారు. బల్ల మీద చిన్న చిన్న గుంటలు, వాటిలో తిండి గింజలు. వేళ్ళతో తీసుకుని తినాలి. ఆ పని చేసిన కోతుల మెదడులో చేతికి సంబంధించిన చోటు నిలిచింది, కొన్నింటిలో పెరిగింది కూడా. ఏ సాధనా లేని కోతుల్లో మిగిలిన కాస్త చోటు కూడా తగ్గిపోయింది. చదివి నేను పీట వైపు చూశాను. గుంటలు, గింజలు, వేళ్ళు. మన అవ్వలు అటక మీద పెట్టి మరిచిపోయిన సామాను అదే కదా!

ఇక మామూలు ఫిజియోథెరపీలో చేతికి ఎంత పని దొరుకుతుందో కూడా లెక్కపెట్టినవాళ్ళున్నారు. అమెరికా, కెనడాల్లో 312 సెషన్లు గమనించి 2009లో రాశారు. చేతికి పనికొచ్చే కదలికలు సెషన్‌కు సగటున 32. అన్ని వసతులున్న దేశాల్లోనే అలా ఉంటే మన సంగతి చెప్పాలా? ఆట చేసే మేలు ఇక్కడే ఉంది. ఆటలో మాయేమీ లేదు. “ముప్పై రెండు, ముప్పై మూడు” అని లెక్కపెట్టుకుంటూ చేస్తే విసుగు పుట్టే పనిని, గెలవాలన్న పంతంతో రెండు వందల సార్లు చేయిస్తుంది.

ఇప్పుడు యంత్రం సంగతి. నింటెండో వీ అనే వీడియో గేమ్ యంత్రం 2006లో వచ్చింది. చేతిలో రిమోటు పట్టుకుని ఊపితే తెర మీద ఆట నడుస్తుంది. పక్షవాతం వచ్చినవారికి ఇది మేలు చేస్తుందేమో చూద్దామని కెనడా డాక్టర్లు ముందుండి నాలుగు దేశాల్లో ఎవరెస్ట్ పేరుతో ఒక పరీక్ష జరిపారు. ఫలితాలు 2016లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చాయి. పక్షవాతం వచ్చి మూడు నెలలు దాటని 141 మందిని తీసుకున్నారు. అందరికీ మామూలు చికిత్స జరుగుతూనే ఉంది. దానికి అదనంగా సగం మందితో వీ ఆడించారు. మిగతా సగం మందితో పేకాట, బింగో, చెక్కదిమ్మెలు పేర్చే జెంగా, బంతాట లాంటివి ఆడించారు. రెండు వారాల్లో పది రోజులు, రోజుకు గంట. చివర్లో చూస్తే రెండు గుంపులవాళ్ళ చేతులూ మెరుగుపడ్డాయి. వీ ఆడినవాళ్ళు పేకాట ఆడినవాళ్ళను ఏమాత్రం మించలేదు.

కాలం గడిచేకొద్దీ దానంతటదే వచ్చే మెరుగు కూడా అందులో కొంత ఉంటుంది, కాదనను. 72 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి కొక్రేన్ సమీక్ష కూడా ఇదే దారిలో ఉంది. తెర ఆటలు మామూలు చికిత్స కన్నా చేతికి ఎక్కువ మేలు చేసినట్టు తేలలేదు. చికిత్సకు తోడుగా, అదనపు సమయంగా ఆడించినప్పుడు మాత్రం ఉపయోగం కనిపించింది. నాకు అర్థమైంది ఒక్కటే. ఫలితం తెరది కాదు, సాధన చేసిన గంటలది. పేకముక్కలతో వచ్చే ఫలితానికి లక్షలు పోయడమెందుకు?

“సరే, అయితే పీటలు, పేకముక్కలు కొని ఇంటికొకటి పంచేద్దాం” అని మీరనవచ్చు. అక్కడే అసలు చిక్కు. మా అమ్మ కథలో రెండో సగం వినండి.

ఏడాదిన్నర అలా ఆడారు. అమ్మ కుడి చేత్తో గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. జడ వేసుకోవడం రాలేదు, హుక్కులు పెట్టుకోవడం రాలేదు, ఉన్నది లేనట్టు చెప్పను. అయినా చుట్టాలతో కలిసి పంక్తిలో కూర్చుంది. మాకు అదే పండగ. అంతలో పెద్దమ్మ కొడుకు వాళ్ళమ్మను బెంగళూరుకు తీసుకుపోయాడు. ఆయన తప్పేముంది? రోజూ ఐదారు గంటలు బండిలో గడిపి ఎన్నేళ్ళని బతుకుతాడు?

పీట మాకే ఇచ్చి వెళ్ళింది. పీట ఉంది, గింజలున్నాయి, అమ్మ ఉంది. ఆట లేదు. పిల్లలు రెండు రోజులు కూర్చుని లేచిపోయారు. నేను ఫోన్‌లో ఒక ఆట పెట్టిచ్చాను. అమ్మ చక్కగా ఎడమ చేతి వేలితో ఆడింది. ఫోనుకేం తెలుసు, ఏ చేత్తో ఆడుతోందో? “నీ గింజ, నువ్వే తీసుకో” అనే మనిషి లేదు. ఓడితే ఎగతాళి చేసే మనిషి లేదు. ఆరు నెలలు తిరిగేసరికి వేళ్ళు మళ్ళీ ముడుచుకోవడం మొదలైంది. ఇప్పుడు ఆదివారాలు నేను కూర్చుంటున్నాను. వారానికి ఒక్కరోజు చాలదు, నాకు తెలుసు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది పక్షవాతం రోగులతో అటెండ్ అనే పెద్ద పరీక్ష జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఒకరికి కసరత్తులు నేర్పించి, ఇంటి దగ్గర వాళ్ళచేతే చేయిస్తే సరిపోతుందా అని చూశారు. ఆరు నెలల తర్వాత చనిపోయినవారు, పరాధీనంగా ఉన్నవారు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతం. ఇంటివాళ్ళకు నేర్పిన గుంపుకు అదనంగా మేలు కనబడలేదు. ఇంటివాళ్ళకు ప్రేమ లేక అలా జరిగిందని నేననుకోను. ప్రేమ ఎక్కువై మనమే తినిపిస్తాం. బండికి టైమవుతుందని మనమే చొక్కా తొడిగేస్తాం. ఇంట్లోవాళ్ళకు లేనివి రెండు, తీరిక, కాస్త కఠినత్వం. పెద్దమ్మకు రెండూ ఉండేవి.

మన ఊరి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2001 ఫిబ్రవరి 28న గని మూశారు. దానితో జీతం ఒక్కటే పోలేదు. లైన్లో ఒక తలుపు కొడితే ఐదు తలుపులు తెరుచుకునే రోజులు పోయాయి. షిఫ్టు దిగివచ్చి అరుగు మీద పులిజూదం ఆడేవాళ్ళు, క్లబ్బుల్లో క్యారమ్స్ ఆడేవాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఇప్పుడు పగటిపూట రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్ సందుల్లో తిరిగి చూడండి. ఒక్కో ఇంట్లో ఒక్కో పెద్దాయన, పెద్దావిడ, గోడవైపు చూస్తూ. మన సంఘం పట్టికలో పక్షవాతం వచ్చినవాళ్ళున్న ఇళ్ళు నాకు తెలిసే తొమ్మిది. తొమ్మిది మందికీ ఆడటానికి ఎదుటి మనిషి లేడు. వాళ్ళు ఒకరికొకరు ఐదు, పది నిమిషాల దూరంలో ఉన్నారు.

అందుకే అంటున్నాను. యంత్రం కొంటే ఎదుటి మనిషి లేని ఆటను ఇంకొకటి కొన్నట్టే. మొదటి నెల అందరూ చూడటానికి వస్తారు. రెండో నెల రిమోటు బ్యాటరీ అయిపోతుంది. మూడో నెల దాని మీద గుడ్డ కప్పుతాం. మన హాల్లో కుట్టుమిషన్లకు ఏమైందో గుర్తుందా?

నా ప్రతిపాదన ఇది. సంఘం హాలు వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా తెరుద్దాం. చేతులున్న కుర్చీలు, గట్టి బల్లలు కావాలి, కింద చాప మీద అందరూ కూర్చోలేరు. చందా డబ్బుతో ముందు రెండు పనులు. నెలకు రెండుసార్లు ఫిజియోథెరపిస్టును పిలిపించి ఫీజు ఇవ్వడం, నడవలేనివారికి ఆటో కిరాయి ఇవ్వడం. ముఖ్యంగా ఆడవాళ్ళకు. మగవాళ్ళను ఎవరో ఒకరు బండి మీద తెస్తారు, ఆడవాళ్ళను “పోనీలే, ఇంట్లోనే ఉండనీ” అంటారు.

ఎవరికి ఏ ఆట అన్నది ఫిజియో చెప్పాలి. నాకు తెలిసినంతలో, గింజలు పట్టి వదలడానికి వామనగుంటలు మంచిది. పక్షవాతం వచ్చిన చేతికి మూయడం కన్నా తెరవడం కష్టం, కనుక వేలు చాపి కొట్టే క్యారమ్స్ అందుకు పనికొస్తుంది. అరచెయ్యి తిప్పడానికి పేకముక్కలు తిరగేయడం. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ఉన్నది గమనింపులోకి రాదు, కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. అలాంటివారికి కాయను పట్టం చుట్టూ తిప్పే అష్టాచెమ్మా, అదే మన చౌకాబారా. పిడికిలి బిగుసుకుపోయిన చేతికి రోజంతా రబ్బరు బంతి నొక్కించడం అందరికీ మంచిది కాదు, అడిగాకే చేయండి. చెయ్యి అసలు కదలనివారికి ఆటకు ముందు వేరే చికిత్స ఉంటుంది.

కొన్ని కట్టుబాట్లు కూడా ఉండాలి. డాక్టరు సరేనన్నాకే రావాలి. వచ్చిన వెంటనే బీపీ చూడాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు, భుజం కీలు జారుతుంది. కొందరికి మింగడం కష్టం, కాబట్టి మనకు అలవాటైన బజ్జీలు, టీ అక్కడ ఎవరికి పడితే వారికి పెట్టకూడదు. పేకలో పైసా పందెం ఉండకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, ఎవరి కాయ వాళ్ళే జరపాలి. ఎంతసేపు పట్టినా మనం జరపకూడదు. చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఒకసారి కూర్చుంటే తెలుస్తుంది.

మనం డాక్టర్లం కాదు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. చికిత్స వాళ్ళ పని, అది ఆపమని నేననడం లేదు. 2022లో నిమ్హాన్స్‌తో కలిసి రాష్ట్రం మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముందుగా తీసుకున్న మూడు చోట్లలో మన కోలారు ఒకటి. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూసే గృహ ఆరోగ్య పథకం 2024లో మన జిల్లాలోనే మొదలైంది. వాళ్ళ సలహా తీసుకుందాం, కాగితం రాయించుకుందాం. కానీ ఏ పథకమూ సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు మా అమ్మ ఎదురుగా కూర్చుని “ఓడిపోతావని భయమా?” అని అడగదు. అది మనం అడగాల్సిన మాట.

యంత్రం కావాలన్న తమ్ముడికి ఒక మాట. ఏడాది ఈ గది నడిపి చూద్దాం. రోజూ పదిమంది వస్తూ, ఇంకా ఏదో కావాలనిపిస్తే అప్పుడు కొందాం, మొదటి చందా నాదే. ఈలోగా నువ్వు వారానికి ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చో. నీ వయసువాళ్ళు ఎదురుగా ఉంటే మన పెద్దాయనలకు పంతం ఎక్కువ.

నేను పోయిన నెల పని మానేశాను, మధ్యాహ్నాలు ఖాళీ. బుధవారాలు నావి. మిగతా రెండు రోజులకు ఇద్దరిద్దరు చొప్పున నలుగురు కావాలి. వచ్చే ఆదివారం సమావేశంలో పేర్లు ఇవ్వండి. అటక మీద పాత పీట, గవ్వలు, క్యారమ్ బోర్డు ఉంటే దుమ్ము దులిపి తెండి. అమ్మను నేను తీసుకొస్తాను. కొన్నేళ్ళుగా ఆమెతో గట్టిగా ఆడినవాళ్ళు లేరు. ఎవరు ముందు కూర్చుంటారో చెప్పండి, కానీ జాలిపడి ఓడిపోయేవాళ్ళు మాత్రం రాకండి. ఆమె కనిపెట్టేస్తుంది.